‘హెరాల్డ్ అండ్ మాడ్’ చివర ఆ కుర్రాడికి ఏం దొరికినట్టు?

పర్లాకిమిడి నుంచి ఒక కుర్రాడు:
డిగ్రీ పూర్తయి రెండేళ్లయింది. కొమ్ము బొమ్మలు అమ్మే మా కొట్లో కూర్చుంటున్నాను. నిన్న రాత్రి ఫోనులో ఈ 1971 నాటి సినిమా చూశాను. సంబంధాలు కుదిర్చే కంపెనీ పంపిన ప్రశ్నలను తల్లి హెరాల్డ్‌కు చదివి వినిపిస్తూ, జవాబులన్నీ తనే రాసేసుకుంటుంది. అక్కడ నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. పోయిన నెల మా అమ్మ కూడా సంబంధాలు చూసే ఆయనకు నా వివరాలు రాసిచ్చింది. ‘ఆశయం’ అన్నచోట నీలం సిరాతో ‘బ్యాంకు ఉద్యోగం’ అని ఉంది. ఆ మాట నేనెన్నడూ అనలేదు. నన్నే అడిగి ఉంటే ఏం రాయించేవాణ్ణో నాకూ తెలియదు, అదే నా బాధ.

చివర కారు కొండ అంచు నుంచి పడిపోతుంది, హెరాల్డ్ బాంజో వాయిస్తూ నడిచి వెళతాడు. 79 ఏళ్ల వయసులో అతనికి స్నేహితురాలైన మాడ్ ఇక లేదు, పనీ లేదు. మరి అతనికి ఏం దొరికినట్టు?

బరంపురం నుంచి:
కథ రాసిన కాలిన్ హిగిన్స్ అప్పటికి సినిమా విద్యార్థి. హాల్ యాష్‌బీ తీశాడు. విడుదలైనప్పుడు ఆడలేదు. తర్వాత మెల్లగా జనం వెతుక్కుని చూశారు, 1997లో అమెరికా జాతీయ చిత్రాల జాబితాలో చేర్చారు. ముగింపు నాకూ అర్థం కాలేదు.

గుణుపురం నుంచి, రిటైరైన టీచరు:
నాయనా, పడిపోయిన ఆ కారు ఏదో గుర్తుచేసుకో. తల్లి కొనిచ్చిన జాగ్వార్‌ను అతనే శవాల బండిగా మార్చుకున్నాడు. అది పోయింది, అతను మిగిలాడు. మొదట్లో చచ్చినట్టు నటించేదంతా తల్లి ఒక్కసారి తలెత్తి చూస్తుందనే. చివర బాంజో వాయించేటప్పుడు చూడడానికి ఎవరూ లేరు, అయినా వాయిస్తున్నాడు.

పూలతోట ఘట్టం మళ్లీ చూడు. నువ్వు ఏ పువ్వు అవుతావని మాడ్ అడిగితే, అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఆ తెల్ల పూలలో ఒకటినవుతానంటాడు హెరాల్డ్. ఒకేలా లేవని మాడ్ చూపిస్తుంది: ఒకటి చిన్నది, ఒకటి పక్కకు వాలింది, ఒకదానికి రేకులు రాలిపోయాయి. మరుక్షణం తెర నిండా వరుసగా తెల్లని సమాధి రాళ్లు. మరో చోట ఆమె చేతిమీద నాజీల నిర్బంధ శిబిరంలో పొడిచిన అంకె ఒక్క క్షణం కనిపిస్తుంది. మనుషుల్ని అంకెలుగా లెక్కపెట్టిన చోటు నుంచి బతికి వచ్చిన మనిషి ఆ మాట అంటోంది. నేను అక్కడ ఆపేసి చాలాసేపు కూర్చున్నాను.

పర్లాకిమిడి కుర్రాడు:
టీచరు గారూ, ఆ అంకె నేను గమనించనే లేదు. ఇప్పుడే వెనక్కి తిప్పి చూశాను. మా అమ్మమ్మకూ 79 ఏళ్లే. పెరట్లో కూర్చుని ఉంటే, నువ్వు ఏ పువ్వు అవుతావని అడిగాను. ఆలోచించకుండా గుమ్మడి పువ్వంది. మాడ్‌లాగే నన్ను పాదు దగ్గరకు లాక్కెళ్లి, ఏది కాయ నిలిచే పువ్వో, ఏది వేపుడుకు కోయవచ్చో ఒక్కొక్కటీ పట్టుకుని చూపించింది.