‘ప్రొపుట్టి’: మధ్య అక్షరం ఉకారమా, అకారమా?

మాటలమూట: ఇంగ్లీషు కవి టెన్నిసన్ లింకన్‌షైర్ యాసలో రాసిన రైతు పద్యాల్లో రెండోదాంట్లో గుర్రం డెక్కలు ‘ప్రొపుట్టి, ప్రొపుట్టి, ప్రొపుట్టి’ (‘ప్రాపర్టీ’, అంటే ఆస్తి; మధ్యలో ‘యు’ వేసి ‘proputty’ అని రాశాడు) అంటాయే, దాని ముందు పాదం ‘క్యాంటర్స్ అవే’ దగ్గరే నిలిచిపోతోంది. మొదలు ఎవరికైనా నోటికి వచ్చా? ఇంకొకటి, తెలుగులో రాసుకుంటే అక్కడ ‘పు’నా ‘ప’నా? ‘కప్’, ‘బట్’ లెక్కన ‘ప్రొపట్టి’ కావాలి కదా.

గోదారిగట్టు: ‘డస్ంట్ దౌ ఇయర్ మై ఎర్సెస్ లెగ్స్’ అని మొదలు. హకారాలన్నీ ఎగిరిపోయాయి చూడండి. ఇక మధ్యది ఉకారమే, సందేహం లేదు. ఇంగ్లండ్ తూర్పున వాష్ అఖాతం నుంచి పడమట సెవర్న్ నది ముఖద్వారం వైపు ఉజ్జాయింపుగా గీత గీస్తే, దానికి ఉత్తరాన ‘కప్’ని ‘కుప్’ అంటారు. కవి పుట్టిన సోమర్స్‌బీ గీతకు ఉత్తరాన ఉంది.

పాలపిట్ట: ఆ గీత ఊనిక పడే అక్షరానికండీ. ‘ప్రాపర్టీ’లో ఊనిక మొదటి అక్షరం మీద. మధ్యది నలిగిపోయే స్వరం, అది ఏ వైపు మనిషి నోట్లోనైనా నలుగుతుంది. ‘కప్’ సాక్ష్యం ఇక్కడ చెల్లదు.

గోదారిగట్టు: అయితే అదే పద్యంలో ‘మనీ’ని ‘ఎం యు డబుల్ ఎన్ వై’ అని ఎందుకు రాశాడు? లండన్ పాఠకుడు దాన్నీ ‘మని’ అనే చదువుతాడు, మార్చి ప్రయోజనం లేదు. ‘ముని’ అని పలికించాలనే మార్చాడు. అంటే ఆయన ‘యు’ ఎక్కడ వేసినా ఉకారమే.

పాలపిట్ట: కంటికి పల్లెటూరి యాసలా కనబడాలనీ మార్చి ఉండొచ్చు. ఆ యాసలోనే రాసిన ఇంకో పద్యం ‘నార్తర్న్ కాబ్లర్’కి ఆయనే రాసుకున్న వివరణ చూడండి. ‘ఐ’ దీర్ఘాన్ని రెండు స్వరాలుగా విడగొట్టి రాయాలి, కానీ పేజీ వికారంగా ఉంటుందని మామూలుగానే వదిలేశానన్నాడు. పేజీ అందం కోసం ఒక చోట రాజీపడ్డ కవి వర్ణక్రమాన్ని ఇంకో చోట శబ్దలేఖనంగా తీసుకోలేం.

ఏతంబాన: ఇద్దరూ గుర్రాన్ని వదిలేశారు. క్యాంటర్ అనే నెమ్మది దౌడులో డెక్కలవి మూడు దెబ్బలు, గ్యాలప్‌లో నాలుగు. మామూలు మాటల్లో ఈ పదం ‘ప్రాప్టీ’ అని రెండు అక్షరాలకు కుదించుకుపోతుంది, అప్పుడు గుర్రం కుంటుతుంది. పాఠకుడు మధ్య అక్షరాన్ని మింగకూడదని నిండు స్వరం వేశాడు. అంతకన్నా రహస్యం లేదు.

పాలపిట్ట: బాగుంది, కానీ అది ఛందస్సు సంగతి. లింకన్‌షైర్ నోటి సంగతి తేలాలంటే వినాల్సిందే. హెరాల్డ్ ఆర్టన్ లీడ్స్ నుంచి నడిపిన ఇంగ్లండ్ యాసల సర్వే (1950–61) 313 ఊళ్లలో 1,300కు పైగా ప్రశ్నలు అడిగింది. నియమం ఒకటే: కావలసిన మాట అడిగేవాడి నోట రాకూడదు. ఆవుల్ని కట్టే చోటేమిటంటే ఒకరు ‘షిప్పన్’, ఒకరు ‘బైర్’, ఇంకొకరు ‘మిస్టల్’ అన్నారు. ‘షిప్పన్ అంటారా?’ అని అడిగి ఉంటే అందరూ తలూపేవారు. అయితే నలిగే స్వరానికి ఈ పద్ధతి చాలదు. విడిగా అడిగిన మాటను మనిషి నిలబెట్టి, శుభ్రంగా పలుకుతాడు. అందుకే ప్రశ్నల మధ్య మామూలు కబుర్లలో దొర్లినదాన్ని వేరుగా రాసుకోవాలి. ఇద్దరు రాసేవాళ్ల చెవులు వేరైనా చిక్కే: పటం మీద యాస సరిహద్దులా కనబడే గీత ఒక్కోసారి రాసిన మనిషి మారిన చోటు మాత్రమే.

ఏతంబాన: ఇప్పుడు రికార్డు చేసేవాళ్లకి: మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ‘ప’కారం గాలి కొట్టి పక్క స్వరం చెడుతుంది. వేవ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్. ఫోన్లో పంపుకునే వాయిస్ మెసేజ్ వద్దు, కుదింపులో సన్నని తేడాలు పోతాయి. ముందు ధ్వని రాసి తర్వాతే వర్ణక్రమం చూడాలి. రెండోవాళ్లు మొదటివాళ్ల రాతను చూడకుండా విని రాయాలి. మాట ఒక్కదాన్నే కత్తిరించి దాచొద్దు, వాక్యమంతా ఉంచాలి.

గోదారిగట్టు: కవి చెవిని మరీ తీసిపారేయకండి. పల్లె కవి జాన్ క్లేర్ లేకపోతే నార్తాంప్టన్‌షైర్ మాటలు ఎన్ని మిగిలేవి? నత్తగుల్లకి ‘పూటీ’ అన్నాడు, ఎంత ముద్దైన మాట! 1820లో వచ్చిన మొదటి పుస్తకానికే పదాల పట్టిక జతచేయాల్సి వచ్చింది. 1854లో ఆన్ బేకర్ ఆ జిల్లా పదకోశం వేసినప్పుడు క్లేర్ మాటలు తీసుకుంది.

పాలపిట్ట: క్లేర్ అంటే నాకూ ప్రాణమే. కానీ కేవలం క్లేర్ పంక్తే ఆధారమైన పదం ఊరిదో ఆయనదో ఎలా తేలుతుంది? జోసెఫ్ రైట్ ఆరు సంపుటాల ఇంగ్లీషు యాసల నిఘంటువులో (1898–1905) పదం పక్కనే జిల్లాల గుర్తులుంటాయి. ముందు వాటిని చూసి, తర్వాత కవి పంక్తి చదవాలి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ పదకోశం (1962) వాడినవాళ్లకి ఏ ప్రాంతపు మాట అన్నది ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

మాటలమూట: పాదం దొరికింది, సంతోషం. ‘పు’ అనే రాసుకుంటాను, ఏతంబాన గారి మూడు దెబ్బల కోసం. అయితే మొదటి అక్షరం ‘ప్రొ’ అని నేను రాస్తే ఎవరూ కాదనలేదు. అది ‘ప్రా’ కాదంటారా?

గోదారిగట్టు: ‘ప్రొ’నే. హ్రస్వం.

పాలపిట్ట: హ్రస్వమే, కానీ మన ఒకారం కన్నా నోరు బాగా తెరుచుకుంటుంది. దానికి తెలుగులో అక్షరం లేదు.