లార్డ్ విలియం కాంప్‌బెల్ ఆ క్షమాభిక్ష మీద సంతకం పెట్టి ఉండాల్సిందా?

రేవుగాలి:
నిన్న సాయంత్రం అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో మీటింగ్ స్ట్రీట్ 34 నంబరు ఇంటి ముందు చాలాసేపు నిలబడ్డాను. సౌత్ కరోలినాకు బ్రిటిష్ రాజు పంపిన చివరి గవర్నరు లార్డ్ విలియం కాంప్‌బెల్ ఉన్న ఇల్లు అది. ఆర్గైల్ డ్యూక్ కొడుకు, నౌకాదళ కెప్టెన్, 1764లో పార్లమెంటు సభ్యుడు, 1766 నుంచి 1773 దాకా నోవా స్కోషియా గవర్నరు. ఇక్కడికి 1775 జూన్‌లో వచ్చాడు. రెండు నెలలు తిరిగేసరికి, ఆగస్టు 18న, థామస్ జెరెమయా అనే, రేవులో ఓడలకు దారి చూపే నల్లజాతి సరంగును ఉరితీసి శవాన్ని తగలబెట్టారు. బానిసల చేత తిరుగుబాటు చేయించబోయాడని అభియోగం. ఆయన బానిస కాదు, స్వతంత్రుడు. అయినా 1740 నాటి బానిసల చట్టం కిందే విచారించారు: ఇద్దరు మేజిస్ట్రేట్లు, ఐదుగురు ఆస్తిపరులు, అంతే. క్షమాభిక్ష పెట్టే అధికారం గవర్నరుది. పెట్టలేదు. నా లెక్కలో అది పిరికితనం.

పాతకాగితం:
ఆ మాట అనేముందు ఆయన చేతిలో ఏముందో చూడండి. పటాలం లేదు. ఊరు మొత్తం రాజుకు ఎదురుతిరిగినవాళ్ల కమిటీ, కౌన్సిల్ ఆఫ్ సేఫ్టీ, గుప్పిట్లో ఉంది, దానికి అధ్యక్షుడు హెన్రీ లారెన్స్. జెరెమయా మీద సాక్ష్యం చెప్పిన జెమ్మీ మాట మార్చాడు. పాదిరి రాబర్ట్ స్మిత్ జైలుకెళ్లి మాట్లాడి, ఈ మనిషి నిర్దోషి అని నమ్మి వచ్చాడు. ఇవన్నీ పట్టుకుని కాంప్‌బెల్ లారెన్స్‌కు ఉత్తరాలు రాశాడు, బతిమాలాడు. క్షమాభిక్ష పెడితే నీ గుమ్మం ముందే ఉరితీస్తామన్న బెదిరింపు వచ్చింది. సంతకం పెట్టినా జెరెమయా బతికేవాడా?

రేవుగాలి:
బతకకపోవచ్చు. కానీ చంపింది చట్టం కాదు, గుంపు అని తేలిపోయేది. సెప్టెంబరు 15న ఇదే గవర్నరు ఇంటి వెనక కాలువ గుండా పడవెక్కి బ్రిటిష్ యుద్ధనౌక టేమర్‌కు చేరుకున్నాడు. ఆ కాలువను తర్వాత పూడ్చేశారు, ఇప్పుడది వాటర్ స్ట్రీట్. వెళ్తూ రాజముద్ర వెంట తీసుకుపోయాడు. అంత జాగ్రత్తగా దాచిన ముద్రను ఒక్క కాగితం మీద వేయలేకపోయాడే అని నా బాధ.

గోదారిపాయ:
మా నాన్న కాకినాడ రేవులో పడవల మీద పనిచేశారు. మేట ఎక్కడ పడిందో నీళ్ల రంగు చూసి చెప్పేవారు. అందుకే ఈ కథలో నాకు సరంగే ముందు కనిపిస్తాడు. 1776 జూన్ 28న ఈ రేవు ముఖద్వారంలోని సల్లివాన్స్ దీవి కోట మీదికి బ్రిటిష్ నౌకలు వచ్చినప్పుడు మూడు యుద్ధనౌకలు ఇసుకమేట ఎక్కాయి. వాటిలో యాక్టియాన్ అయితే కదల్లేదు, మర్నాడు దాన్ని సిబ్బందే తగలబెట్టి పోయారు. ఆ నీళ్లు బాగా తెలిసిన మనిషిని పది నెలల ముందే చంపేశారు. రాజు ఓడలకు దారి చూపిస్తాడన్న భయమే ఆయన ప్రాణం తీసిందని నా నమ్మకం.

ఇంకొకటి. కాంప్‌బెల్ భార్య సారా ఇజార్డ్‌ది బానిసల తోటలున్న కుటుంబం. జెరెమయాకు కూడా సొంత బానిసలు ఉండేవారు. ఇద్దరిలో ఎవరినీ దేవుణ్ణి చేయకండి.

పాతకాగితం:
ఒప్పుకుంటాను. కానీ ఆ జూన్ 28న కాంప్‌బెల్ ఎక్కడున్నాడు? బ్రిస్టల్ ఓడ కింది అంతస్తులో, తనంతట తానే అడిగి ఫిరంగుల దగ్గర నిలబడ్డాడు. అక్కడే డొక్కలో దెబ్బ తగిలింది, 1778 సెప్టెంబరులో చనిపోయాడు. పిరికివాడు చేసే పనా అది? ‘నిరపరాధి రక్తానికి దేవుడు మీకు శిక్ష వేస్తాడు’ అని జెరెమయా చివర్లో అన్న మాట మనకు తెలిసిందంటే, దాన్ని లండన్‌కు రాసిన కాంప్‌బెల్ పుణ్యమే.

రేవుగాలి:
‘పిరికి’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, పాతకాగితం గారూ. ఫిరంగి ముందు నిలబడ్డ మనిషిని అలా అనకూడదు. మీరు చెప్పిన ఉత్తరం మాత్రం ఆగస్టు 31 నాటిది. అప్పటికి ఉరితీసి పదమూడు రోజులైంది.