పాపను దిండ్లు పెట్టి కూర్చోబెట్టొద్దని అత్తయ్యకు ఎలా చెప్పాలి?

నమస్తే అండీ. మా పాపకు ఏడో నెల నడుస్తోంది. బోర్లా పడుతుంది, దొర్లుతుంది, ఇంకా తనంతట తాను కూర్చోదు. మా అత్తయ్య చుట్టూ దిండ్లు పెట్టి కూర్చోబెడతారు. "లేకపోతే నడుం ఎలా గట్టిపడుతుంది?" అంటారు.

నేను చదివింది వేరు. హంగేరీ పిల్లల డాక్టర్ ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లో పెట్టిన శిశుగృహంలో, బిడ్డ సొంతంగా రాలేని భంగిమలో బిడ్డను ఎవరూ పెట్టేవారు కాదట. నేల మీద చోటిస్తే కూర్చోవడం, నిలబడడం వాళ్లే నేర్చుకుంటారని ఆవిడ పద్ధతి. డైపర్ మార్చేటప్పుడు కూడా "ఇప్పుడు కాలు ఎత్తుతున్నా" అని చెప్పి, కాస్త ఆగి, అప్పుడు ఎత్తాలి. ఇది నేను చేస్తున్నా. ఈమధ్య పాపే కాలు ఎత్తి ఇస్తోంది! (మా ఆయనకు ఇదంతా నవ్వులాట.)

అత్తయ్యను తప్పుపట్టలేను. నలుగు పెట్టి నీళ్లు పోసేటప్పుడు ఆవిడ తీరిగ్గా చెప్పే కబుర్లు వింటే, పిక్లర్ కోరింది కూడా ఇదే కదా అనిపిస్తుంది. గొడవంతా దిండ్ల దగ్గర, మా ఆడపడుచు పంపిన వాకర్ దగ్గర. వాకర్లతో పిల్లలు మెట్ల మీంచి పడుతున్నారని కెనడా 2004లోనే వాటిని నిషేధించిందంటే, అత్తయ్య "మన ఇంట్లో మెట్లు లేవుగా" అన్నారు.

పెద్దవాళ్లు నొచ్చుకోకుండా మీరెలా చెప్పారు? తొమ్మిది నెలలు నిండినా ఆధారం లేకుండా కూర్చోకపోతే డాక్టర్‌కు చూపిస్తాను. అప్పటిదాకా టెన్షన్ పడకుండా ఆగినవాళ్లు ఉన్నారా? వచ్చే నెల నుంచి ఆఫీసు. హైదరాబాద్‌లో క్రెష్ చూడ్డానికి వెళ్తే, పిల్లలను నేల మీద ఆడనిస్తారా, రోజంతా కుర్చీల్లోనే ఉంచుతారా అన్నది ఎలా కనిపెట్టాలి?