హీథర్ మొక్కలు కింద అంతా పుల్లలే మిగిలాయి, మొదలంటా కట్ చేయొచ్చా?

హాయ్ అందరికీ. గార్డెన్‌లో పెట్టిన హీథర్ మొక్కలు (చిన్న పొదల్లా పెరిగే పూల మొక్కలు) మొదట్లో పర్పుల్ పూలతో భలే ఉండేవి, ఇప్పుడేమో పైన మాత్రమే పచ్చగా ఉండి కింద ఉత్త పుల్లలు కనిపిస్తున్నాయి, కొత్త చిగుళ్లు కూడా పసుపుగా వస్తున్నాయి. కుండీలో ఉన్నదైతే రోజూ నీళ్లు పోస్తున్నా బ్రౌన్ అయిపోతోంది. మొదలంటా కొట్టేస్తే మళ్లీ గుబురుగా వస్తుందా? ఎరువు ఏమైనా వేయాలా? ఇవంటే నాకు ప్రాణం, ప్లీజ్ చెప్పండి.

జవాబు 1:
అయ్యో, మొదలంటా మాత్రం కొట్టకండి! ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కోస్తే హీథర్ దాదాపుగా మళ్లీ చిగురించదు. ఏటా పూలు వాడాక ఆ పూల కంకి కిందుగా, పచ్చ ఆకులు కొంచెం మిగిలేలా ట్రిమ్ చేస్తూ ఉంటేనే గుబురుగా ఉంటుంది. చలికాలం పూసే ఎరికా కార్నియా రకమైతే వసంతంలో పూలు అయిపోగానే కోసేయాలి, లేట్ చేస్తే వచ్చే ఏడాది మొగ్గలు పోతాయి. ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో పూసే కల్లూనా రకమైతే ఎండిన పూలు చలికాలమంతా అలాగే ఉంచి, వసంతం మొదట్లో కొత్త చిగురు రాకముందే కోయండి. ఇప్పటికే పుల్లలైన మొక్కకి ఒక దారి ఉంది, కింది కొమ్మల్ని వంచి మట్టిలో పాతి కొసలు బయటికి వదిలేయండి, ఏడాదికల్లా వేళ్లు పడతాయి, అప్పుడు కోసి విడిగా నాటుకోవచ్చు.

జవాబు 2:
పసుపు చిగుళ్లంటే నాకు మట్టి మీదే డౌట్. వీటికి ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి, పీహెచ్ (మట్టి ఆమ్ల గుణాన్ని చెప్పే కొలత) 4.5 నుంచి 5.5 అయితే హాయిగా ఉంటాయి, మట్టిలో సున్నం ఎక్కువైతే ఐరన్ ఉన్నా వేళ్లకి అందదు, అందుకే చిగురు పాలిపోతుంది. మీ కుళాయి నీళ్లు సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు (హార్డ్ వాటర్) అయితే వాన నీళ్లు పట్టి పోయండి. కార్నియా రకం మాత్రం కాస్త సున్నాన్ని తట్టుకుంటుంది. ఎరువు జోలికి పోవద్దండి, దీని వేళ్లలో ఒక రకం ఫంగస్ కలిసి బతుకుతూ సారం లేని నేల నుంచి కూడా పోషకాలు లాగి ఇస్తుంది, ఘాటు ఎరువు వేస్తే చెడేదే ఎక్కువ.

జవాబు 3:
కుండీ సంగతి చెప్తా. వేళ్లు సన్నటి దారాల్లా ఉంటాయి, మధ్యలో వేళ్లూ మట్టీ కలిసిన ముద్ద ఒక్కసారి పూర్తిగా ఎండితే పైన పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి, లోపల పొడిగానే ఉంటుంది. కుండీతో సహా బకెట్ నీళ్లలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచి తీసి, బాగా కారనివ్వండి. కింద ప్లేటులో నీళ్లు నిలవనివ్వకండి, వేరు కుళ్లిందంటే ఇక కాపాడలేం.

ప్రశ్న అడిగినవాళ్లు:
చాలా థాంక్స్ అండీ. పూర్తిగా బ్రౌన్ అయిన కొమ్మలు ఉంచాలా తీసేయాలా?

జవాబు 3:
గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఉంచండి, అక్కడా ఎండిపోయి ఉంటే తీసేయండి.