ఒక్క బిగిన ముగిసే ఫాంటసీ కథలు: మీరు మళ్లీ మళ్లీ తెరిచే సంపుటాలు ఏవి?

పుటలమధ్య (ప్రశ్న):

కొన్నేళ్లుగా నేను చదివినవన్నీ మూడేసి, ఐదేసి భాగాలుగా సాగే ఫాంటసీ నవలలే. ముందు పుటల్లోని పటాన్ని మాటిమాటికీ చూసుకుంటూ, రాజవంశాల పేర్లు గుర్తుపెట్టుకుంటూ చదవడంలో ఉన్న ఆనందం నాకు బాగా తెలుసు. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు దొరికే అరగంట తప్ప చదవడానికి సమయం లేదు. ఒక భాగం ముగించి రెండోది తెరిచేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో మరచిపోతున్నాను. అందుకని కథల వైపు మళ్లాలనుకున్నాను.

అయితే ఈ మధ్య చదివిన రెండు సంపుటాలు నన్ను నిరాశపరిచాయి. వాటిలోని కథలు చాలావరకు ఎప్పుడో రాయబోయే నవలకు తొలి అధ్యాయాల్లా ఉన్నాయి. ఒక మాంత్రికుడు వస్తాడు, ఒక శాపం సంగతి బయటపడుతుంది, అసలు విషయం మొదలవుతుందనుకున్న చోట కథ ఆగిపోతుంది. నాకు కావలసింది తన లోకాన్ని తానే కట్టుకుని, తన లెక్కను తానే తేల్చుకుని ముగిసే కథ. అటువంటి సంపుటాలు మీకు తెలిస్తే, వాటిలో ముందుగా ఏ కథ చదవాలో కూడా చెప్పగలరా? తెలుగైనా ఇంగ్లిష్ అయినా సరే.

నిశాంతం:

మీరు చెప్పిన అసంతృప్తి నాకూ ఉండేది. అది పోవడానికి కారణమైన పుస్తకం ఉర్సులా లెగ్విన్ కథాసంపుటి ‘ద విండ్స్ ట్వెల్వ్ క్వార్టర్స్’. 1975లో వచ్చిన ఈ సంపుటిలో పదిహేడు కథలు ఉన్నాయి. ఆమె వాటిని దాదాపుగా రాసిన వరుసలోనే పేర్చి, ఒక్కోదానికి ముందు ఆ కథ ఎలా పుట్టిందో చెప్పే చిన్న పరిచయం రాశారు. ఒక రచయిత్రి పదేళ్లకు పైగా తన పనిని ఎలా నేర్చుకుంటూ వచ్చిందో ఆ వరుసలో కనిపిస్తుంది కాబట్టి, ఈ ఒక్క పుస్తకాన్ని మాత్రం మొదటి నుంచి చివరి దాకా వరుసగానే చదవమంటాను.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే కథ అందులో మొదటిదే, ‘సెమ్లీస్ నెక్లెస్’. పోగొట్టుకున్న వంశపు హారాన్ని తెచ్చుకోవడానికి ఒక యువరాణి తన బిడ్డనూ భర్తనూ వదిలి, ఒక్క రాత్రి ప్రయాణమనుకుని బయలుదేరుతుంది. భాగవతంలో కకుద్మి తన కూతురు రేవతికి తగిన వరుడెవరో అడగడానికి బ్రహ్మలోకానికి వెళ్లి, కాసేపు వేచి ఉండి తిరిగి వచ్చేసరికి భూమి మీద యుగాలు గడిచిపోయిన కథ మీకు గుర్తుండే ఉంటుంది. అదే విషాదం ఇక్కడ ఒక తల్లి వైపు నుంచి కనిపిస్తుంది. సెమ్లీ కళ్లతో చూస్తే ఇది అచ్చంగా అద్భుత కథ. ఆమెకు హారం అప్పగించే పరిశోధకుల కళ్లతో చూస్తే సైన్స్ ఫిక్షన్. ఈ రెండు చూపులూ ఒకదానినొకటి చివరి దాకా అర్థం చేసుకోలేకపోవడంలోనే కథ బరువంతా ఉంది.

విశేషమేమిటంటే, 1964లో అచ్చయిన ఈ కథే రెండేళ్ల తరువాత ఆమె మొదటి నవలకు నాందీ ప్రకరణమైంది. అంటే మీరు ఫిర్యాదు చేస్తున్నది ఏదో, సరిగ్గా అదే ఇది. అయినా దీన్ని చదివి పుస్తకం మూసినవారికి ఇంకేదో మిగిలిపోయిందన్న భావన కలగదు, ఎందుకంటే సెమ్లీ ఏమి కోరిందో, దానికి ఏమి చెల్లించిందో రెండూ కథలోనే తేలిపోయాయి. నవలగా పెరగడం కథకు లోపం కాదు. కోరికకు వెల తేలకుండా ఆపడమే లోపమని నా అభిప్రాయం.

ఒమెలాస్ నగరం కథ కూడా ఇదే సంపుటిలో ఉంది. దాని గురించి మరేమీ చెప్పను. చదివిన రాత్రి వెంటనే మరో కథ మొదలుపెట్టకండి.

తరంగిణి:

నిశాంతం గారి ఎంపికను కాదనను. కానీ పడుకునే ముందు అరగంట మాత్రమే ఉన్నవారికి నేనైతే ముందుగా ఇటాలో కాల్వినో ‘కాస్మికామిక్స్’ ఇస్తాను. 1965లో ఇటాలియన్‌లో వచ్చిన పుస్తకమిది. విలియం వీవర్ ఇంగ్లిష్ అనువాదం చాలా హాయిగా సాగుతుంది. పన్నెండు కథల్లో ఒక్కొక్కటీ ఒక శాస్త్ర సిద్ధాంతపు వాక్యంతో మొదలవుతుంది. ఆ వెంటనే, పలకడానికే వీలులేని పేరున్న ఒక ముసలి గొంతు అందుకుని, అప్పుడు తాను అక్కడే ఉన్నానని చెప్పడం ప్రారంభిస్తుంది. మొదటి కథలో చంద్రుడు భూమికి ఎంత దగ్గరగా ఉంటాడంటే, పడవలో నిచ్చెన వేసుకుని పైకెక్కి, చంద్రుడి మీది పాలను గిన్నెల్లోకి తీసుకువస్తారు. నెమ్మదిగా చంద్రుడు దూరమవుతుంటే మనుషుల మధ్య దూరాలు కూడా ఎలా మారిపోయాయో చదివిన తరువాత, పున్నమి రాత్రి ఆకాశం వైపు చూసిన ప్రతిసారీ నాకు ఆ నిచ్చెన గుర్తుకు వస్తుంది.

పాతప్రతి:

ఇద్దరూ విదేశీ రచనలే చెప్పారు. అవి మంచివే. అయితే కథ ఎక్కడ ముగియాలి అనే ప్రశ్నను మనవాళ్లు వెయ్యేళ్ల కిందటే ఎంత లోతుగా ఆలోచించారో కూడా చెప్పుకోవాలి. పదకొండో శతాబ్దంలో కాశ్మీర దేశపు సోమదేవుడు రాణి సూర్యవతి కోసం సంస్కృతంలో రచించిన కథాసరిత్సాగరాన్ని, పిల్లల కథల మూటగా కాక, పెద్దల ఫాంటసీ సంపుటిగా ఒకసారి చదివి చూడండి. తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రి గారి అనువాదం ఉంది. ఆ భాష కొంచెం బరువుగా అనిపిస్తే అర్షియా సత్తార్ ఇంగ్లిష్‌లోకి తెచ్చిన ఎంపిక కథల పుస్తకంతో మొదలుపెట్టవచ్చు.

అందులోని బేతాళ కథలు ఇరవై ఐదు. మనం చిన్నప్పుడు విక్రమార్కుడని విన్న రాజుకు సోమదేవుడు పెట్టిన పేరు త్రివిక్రమసేనుడు. మీరు ముందుగా చదవవలసింది తలలు మారిన కథ. దేవి ఆలయంలో ఒక యువతి భర్త, ఆ తరువాత ఆమె సోదరుడు తలలు నరుక్కుని మరణిస్తారు. దేవి కరుణించి, తలలను మొండేలకు అతికిస్తే బతుకుతారని చెబితే, ఆ సంబరపు తొందరలో ఆమె ఒకరి తలను మరొకరి మొండేనికి పెడుతుంది. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? భర్త తల ఉన్నవాడేనని రాజు జవాబు చెప్పగానే మౌనం చెడి, బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. అక్కడితో కథ అయిపోయింది. ఆ తరువాత వారు ముగ్గురూ ఎలా బతికారో సోమదేవుడు చెప్పడు. పుటలమధ్య గారి కొలతతో చూస్తే ఇది మొదలయ్యే చోట ఆగిన కథే కదా! కానీ ఆ తరువాతి జీవితాన్నే థామస్ మన్ 1940లో జర్మన్‌లో ఒక చిన్న నవలగా రాయగలిగాడంటే, కథ ఆగిన చోటు ఎంత సరైనదో గ్రహించవచ్చు. కథకుడు లెక్క తేల్చకుండానే మనచేత తేల్చుకోనివ్వడం కూడా ఒక ముగింపేనని నేను నిశాంతం గారితో విభేదిస్తూ చెబుతున్నాను.

ఒక సూచన: సాగరం మొత్తాన్ని వరుసగా చదవాలని పూనుకోకండి. కథలో కథ, దానిలో మరో కథ వస్తూ పోతాయి. మీరు నవలల్లో పడ్డ బాధే మళ్లీ మొదలవుతుంది.

పుటలమధ్య:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ వారంలో ‘సెమ్లీస్ నెక్లెస్’, తలలు మారిన కథ రెండూ చదివాను. మొదటిదాన్ని ముగించాక చాలాసేపు నిద్ర పట్టలేదు. రెండోది నాలుగైదు పుటలే అయినా, నేను రాజు స్థానంలో ఉంటే అంత త్వరగా జవాబు చెప్పేవాడిని కాదని తోచింది. మనిషంటే తల మాత్రమేనా అన్న అనుమానం ఇంకా వదలలేదు. నా ప్రశ్నను కొంచెం సవరించుకోవాలి. కథ అసంపూర్తిగా ఉండడం నాకు ఇబ్బంది కాదు. నేను ఆలోచించడానికి ఏమీ మిగల్చకుండా అసంపూర్తిగా ఉండడమే ఇబ్బంది అని ఇప్పుడు తెలుస్తోంది. ఈ రుచికి సరిపోయేది ఇంకొకటి ఉంటే చెప్పండి.

నిశాంతం:

పాతప్రతి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ఆ కథ విషయంలో నా సూత్రం నిలబడదు.

మీరు సవరించిన ప్రశ్నకు నా జవాబు టెడ్ చియాంగ్ ‘స్టోరీస్ ఆఫ్ యువర్ లైఫ్ అండ్ అదర్స్’. 2002లో వచ్చిన ఈ పుస్తకంలో ఎనిమిదే కథలు ఉన్నాయి, కొన్ని ఒక రాత్రికి పూర్తికావు. ఆయన ఒక అసంభవాన్ని నిజమని ఒప్పుకుని, ఆ తరువాత ఒక్క అబద్ధం కూడా ఆడకుండా దాని పర్యవసానాలను చివరి దాకా అనుసరిస్తాడు. 1990 నాటి ‘టవర్ ఆఫ్ బాబిలాన్’తో ప్రారంభించండి. ఆకాశం నిజంగానే ఒక రాతి కప్పు అయితే, దాన్ని తవ్వడానికి గోపురం మీదికి నెలల తరబడి ఎక్కే గని కార్మికులకు దారిలో ఏమేమి ఎదురవుతుందో, గోపురం మీదే పుట్టి ఎన్నడూ నేల మీదికి దిగనివారు ఎలా బతుకుతారో ఎంత ఓపికగా చెబుతాడంటే, మన కాళ్లకు కూడా ఆ ఎక్కుడు అలసట తెలుస్తుంది. ఆ కప్పుకు అవతల ఏముందో మీరే చదివి తెలుసుకోవాలి. చదివాక ఇక్కడికి వచ్చి, ఆ ముగింపు మీకు ఎలా అనిపించిందో తప్పకుండా రాయండి.