టీవీ చర్చలో అటొకరు, ఇటొకరు: వాతావరణ మార్పు విషయంలో ఇది న్యాయమేనా?

బరంపురం బాబ్జీ:
మొన్న రాత్రి కరెంటు వచ్చాక ఒక తెలుగు న్యూస్ చానెల్ పెట్టాను. భూమి వేడెక్కడం మీద చర్చ నడుస్తోంది. ఒక పక్క రిటైరైన శాస్త్రవేత్త. ఇంకో పక్క, "మా తాతల నాడూ ఎండలు కాశాయి, ఇదంతా విదేశీ కుట్ర" అంటున్న ఒక పెద్దమనిషి. యాంకర్ ఇద్దరికీ కొలిచినట్టు సమానంగా టైమ్ ఇచ్చి, చివర్లో "నిర్ణయం మీకే వదిలేస్తున్నాం" అని దండం పెట్టేశాడు. మా నాన్నగారు "అయితే ఇంకా తేలలేదన్నమాట" అంటూ పడుకోవడానికి వెళ్ళిపోయారు. నా బాధంతా ఆ మాట గురించే. మనుషుల వల్లే భూమి వేడెక్కుతోందనడంలో సందేహం లేదని, వాతావరణ మార్పు మీద శాస్త్రాన్ని మదింపు చేసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఐపీసీసీ 2021లోనే తేల్చి చెప్పింది. అలాంటప్పుడు చెరి సగం ఇవ్వడం నిష్పక్షపాతం అవుతుందా?

పర్లాకిమిడి పంతులు:
బాబ్జీ బాబూ, రెండో మాట వినిపించకూడదంటే ఎలా? పెద్ద సంస్థలూ పొరబడతాయి. ఆ ఐపీసీసీయే 2007 నివేదికలో హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 కల్లా మాయం కావచ్చని రాసింది. 2009లో మన పర్యావరణ శాఖ వి.కె. రైనా పత్రాన్ని బయటపెట్టింది. ఆ హిమానీనదాలు అసాధారణంగా కరిగిపోతున్నాయనడానికి ఆధారాలు చాలవన్నది అందులోని మాట. అప్పటి ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ దాన్ని తీసిపారేశారు. 2010 జనవరిలో 2035 మాట తప్పేనని ఐపీసీసీ ఒప్పుకోవాల్సి వచ్చింది. అనుమానించేవాణ్ణి బయటికి గెంటే చానెల్ని నేను నమ్మను.

రాయగడ రైలు:
చానెల్ వాళ్ళకి కావలసింది కోడిపందెం మాస్టారూ. ఒక్క పుంజుతో పందెం ఎలా ఆడతారు?

బరంపురం బాబ్జీ:
మాస్టారూ, రైనా గారు భూగర్భ శాస్త్రవేత్త. హిమానీనదాల కొలతలు పట్టుకొచ్చి మాట్లాడారు. నేను చెప్పిన పెద్దమనిషి పట్టుకొచ్చింది వాళ్ళ తాతగారిని. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే అవమానం రైనా గారికే.

ఇది మనకొక్కరికే వచ్చిన తంటా కాదు. 2017 ఆగస్టులో బీబీసీ రేడియోలో బ్రిటన్ మాజీ ఆర్థికమంత్రి లాసన్, గత పదేళ్ళలో భూమి సగటు ఉష్ణోగ్రత కొంచెం తగ్గిందన్నాడు. అది తప్పు. అడిగేవాళ్ళు అడ్డు తగల్లేదు. ఫిర్యాదులు వెళ్ళాయి, బీబీసీ తప్పు ఒప్పుకుంది. మరుసటి ఏడు అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ కూడా నిబంధన ఉల్లంఘించారని తేల్చింది. 2018లోనే బీబీసీ తన సిబ్బందికి ఒక సూచన పంపింది. సమతూకం కోసమని, వాతావరణ మార్పే లేదనేవాణ్ణి వెతికి తేనక్కర్లేదని దాని సారం. దానికి ఫుట్‌బాల్ పోలిక కూడా చెప్పారు: శనివారం ఆటలో రెండు గోల్స్‌తో గెలిచిన జట్టు గెలవలేదని వాదించడానికి ఎవరినైనా పిలుస్తామా అని.

పత్రికలూ దీనికి మినహాయింపు కాదు. 1988 నుంచి 2002 దాకా అమెరికాలోని నాలుగు పెద్ద పేపర్లను చూసి బాయ్‌కాఫ్ సోదరులు 2004లో ఒక పరిశోధన వేశారు. వాళ్ళు పరిశీలించిన వార్తల్లో సగానికి పైగా రెండు వాదాలకూ ఇంచుమించు సమాన చోటు ఇచ్చాయి. ఆ సమానత్వమే పక్షపాతమని వాళ్ళ వాదన.

ఋషికుల్య ఒడ్డున:
మీ గొడవ వింటుంటే నవ్వొస్తోంది. ఒడిశా తీరంలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోని మా పోడంపేట సంగతి చెప్తాను. ఇక్కడి తీరంలో వేటకు వెళ్ళేవాళ్ళని ఒడియా వాళ్ళు నోలియాలంటారు, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పాత ఊరిని సముద్రం తినేసింది. మొండి గోడలు మిగిలాయి, జనం వెనక్కి వెళ్ళి కొత్త ఊళ్ళో ఉంటున్నారు. కెమెరాలు పట్టుకుని ఎవరొచ్చినా ఆ గోడల ముందే నిలబడతారు. "వాతావరణ మార్పు మింగిన ఊరు" అనేసి రెండు నిమిషాల్లో ముగిస్తారు. అక్కడ ఎదుటి వాదం అడిగేవాళ్ళే ఉండరు. నిజానికి అడగాల్సింది అక్కడే.

ఈ తీరంలో ఇసుక ఏటా దక్షిణం నుంచి ఉత్తరానికి కొట్టుకెళ్తుంది. మధ్యలో సముద్రంలోకి రాతిగోడ కడితే గోడకి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. ఈ లెక్క వేటకెళ్ళే కుర్రాడికి కూడా తెలుసు. పైగా ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ ఒక చోట నిలవదు, జరుగుతూ ఉంటుంది. తుఫాన్లు సరేసరి. వీటన్నిటి కింద సముద్ర మట్టం, 1901 నుంచి 2018 లోపు ప్రపంచం మొత్తం మీద సగటున 20 సెంటీమీటర్లు లేచింది. మా ఊరు పోవడంలో దేని వాటా ఎంత? దీని మీద నలుగురిని కూర్చోబెట్టి కొట్టుకోమనండి, రాత్రంతా చూస్తాను. గోడ కట్టించినవాళ్ళు "అంతా వాతావరణమే" అని తప్పించుకుంటే అడిగే యాంకర్ లేడు. భూమి వేడెక్కుతోందా లేదా అన్న దానికి మాత్రం గంట చర్చ!

పర్లాకిమిడి పంతులు:
అమ్మా, నేననేదీ అదే కదా. భయపెట్టే వైపు కూడా సందేహించాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేముందు, విదేశీ సంస్థలు సూపర్ సైక్లోన్ అంటుంటే మన వాతావరణ శాఖ అంత ఉండదంది, ఆ అంచనాకే కట్టుబడింది. మన శాఖదే నిజమైంది.

బరంపురం బాబ్జీ:
నిజమే, ఆ రాత్రి మా పైకప్పు రేకులు ఏ వీధిలో పడ్డాయో ఇప్పటికీ తెలీదు. కానీ మాస్టారూ, అక్కడ ఇద్దరూ తుఫాను ఉందనే అన్నారు, తేడా గాలి వేగం దగ్గర. తుఫానే లేదనేవాణ్ణి పిలిచి సగం టైమ్ ఇచ్చుంటే, దాదాపు పది లక్షల మంది ఇళ్ళు వదిలి కదిలేవారా? 1999 తుఫానులో పదివేల మంది దాకా పోయిన రాష్ట్రం ఇది.

మీ మాటలో ఒకటి ఒప్పుకుంటాను. "తుఫాన్లు ఎక్కువైపోయాయి" అని యాంకర్లు ఊరికే అనేస్తారు. ఐపీసీసీ చెప్పింది వేరు. ప్రపంచం మొత్తం మీద తుఫాన్లలో తీవ్రమైన వాటి వాటా గత నాలుగు దశాబ్దాల్లో పెరిగి ఉండొచ్చన్నది దాని మాట. లెక్కకు ఎక్కువయ్యాయని కాదు.

ఋషికుల్య ఒడ్డున:
తాబేళ్ళ సంగతి కూడా అడగమనండి ఎవరినైనా. ఇసుక వేడెక్కితే గుడ్ల నుంచి ఆడపిల్లలే ఎక్కువ వస్తాయి. ఏటా ఇక్కడికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీలకి చర్చలతో పనిలేదు. బాబ్జీ, మీ నాన్నగారిని ఆదివారం తీసుకురా. పోటు లేని వేళ చూసుకుని రండి, గోడల దాకా నడవొచ్చు.

పర్లాకిమిడి పంతులు:
నేనూ వస్తానమ్మా. సముద్రానిది ఎంత తప్పో, రాతిగోడది ఎంత తప్పో నేనే చూసి చెప్తాను.

రాయగడ రైలు:
మాస్టారు మొత్తానికి గోడ మీదే ఉన్నారు.