సమస్య: పెద్ద పండుగయ్యెఁ బెద్ద లేక

నిర్వహణ: ఇది ఆటవెలది నాలుగో పాదం. సూర్యగణాలు (మూడు మాత్రల చిన్న గణాలు) ఐదు, యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) పె–బె. మనలో చాలామంది జంటలు సంక్రాంతిని సొంతూరికి దూరంగా, ఇద్దరే చేసుకుంటున్నారు కాబట్టి ఈ పాదం ఇస్తున్నాను. మనం పెద్దపండుగ అనేదే పెద్దల్ని తలచుకునే పండుగని, మరి పెద్ద లేకుండా అది ఎలా అయిందో మిగతా మూడు పాదాలూ చెప్పాలి. ఊరికే బెంగ పడితే చాలదు, ఆ రోజు మీ ఇంట్లో మీరిద్దరూ ఏం చేశారో కనబడాలి.

మంచుపూలు (చికాగో):

మంచు కురియు నూర మనమిద్దరమె యుండ
తెరను జూచినాము తెల్లవారు
భోగిమంట నిచటఁ బొద్దు గుంకిన వేళ
పెద్ద పండుగయ్యెఁ బెద్ద లేక

చలికాలంలో మాకూ ఇండియాలో ఉన్న మీకూ పదకొండున్నర గంటల తేడా. మా ఊళ్లో నాలుగున్నరకి భోగిమంట వేస్తే ఇక్కడ ముందురోజు సాయంత్రం ఐదు. ఆఫీసు నుంచి వచ్చి కోటు విప్పకుండానే ఫోన్ ముందు కూర్చుంటాం, అదే మా భోగి. 2024లో సంక్రమణం అక్కడ జనవరి 15 తెల్లవారకముందే జరిగింది, మాకు అది 14 మధ్యాహ్నం. అందుకే ఆ ఏడు మీకంటే ఒక తేదీ ముందే పొంగలి వండాం.

నిర్వహణ: తెల్లవారు భోగిమంటను పొద్దుగుంకిన వేళ చూడడం, ఆ విరోధం చక్కగా కుదిరింది. ఒక్క సవరణ. 'ఉండన్' ద్రుతాంతం (చివర 'న్' ఉన్న పదం) కనుక తరవాతి 'తె' 'దె' అయి 'యుండఁ దెరను' అనాలి. త, ద ఒకే వర్గం కాబట్టి యతి చెడదు.

కొత్తకాపురం:

అత్తమామ లేరు అమ్మానాన్నలు లేరు
పాకమింత ముదిరి పగిలె నరిసె
ముక్కలేరి చెరొక ముద్దగాఁ దింటిమి
పెద్ద పండుగయ్యెఁ బెద్ద లేక

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

కోనసీమ పెద్దమ్మ: ఛందస్సు సంగతి వాళ్లు చూస్తారు గాని నాయనా, పాకం ముదిరితే అరిసె రాయిలా గట్టిపడుతుంది, నూనెలో విచ్చుకుపోయేది పాకం లేతగా ఉన్నప్పుడే. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి చూడు, వేళ్లతో పోగుచేస్తే మెత్తటి ఉండలా నిలబడాలి. పిండి కూడా తడిపిండే, ఆరబెట్టకూడదు.

నిర్వహణ: పెద్దమ్మగారి మాటతో రెండో పాదం 'పాకమింత లేత పగిలె నరిసె' అవుతుంది, గణాలు సరిపోతాయి. మొదటి పాదంలో మూడు సూర్యగణాల తరవాత రెండు ఇంద్రగణాలు రావాలి; 'అమ్మానా' మూడూ గురువులే, అది ఇంద్రగణం కాదు. 'లేరు అమ్మా' దగ్గర సంధి చేయకపోవడమూ దోషమే. 'అత్తమామ లేక యమ్మనాన్నలు లేక' అంటే రెండూ పోతాయి. మూడో పాదం ముట్టుకోవద్దు తమ్ముడూ. విరిగిన అరిసెని పారేయకుండా ఇద్దరూ పంచుకున్నారు చూడండి, నేనడిగింది అదే.

తొలిచూలు (టొరంటో):

పాప తలను పోయ పండ్లును దొరకక
చిన్ని బెర్రి పండ్లు చేర్చినాము
అమ్మ నేనె యైతి నవ్వయు నేనైతి
పెద్ద పండుగయ్యెఁ బెద్ద లేక

రేగుపళ్లు దొరకలేదు, క్రాన్‌బెర్రీలు తెచ్చాం. చిల్లర, పూలరెక్కలు కలిపాం. చెరుకు ముక్కలు లేవు. మా అమ్మ ఫోన్‌లో చెబుతుంటే మూడుసార్లు నేనే దిష్టి తిప్పి పోశాను.

నిర్వహణ: మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయానమ్మా. 'బెర్రి' అన్యదేశ్యం, అంటే పరభాషా పదం అని ఎవరైనా అంటారేమో, నాకు అభ్యంతరం లేదు. పాప తలమీద పడ్డ పండు అదేనాయె.

బొబ్బిలి వీణ (పుణె):

మడత విప్పి కొత్త మామయ్య పంచెను
పీటమీద నుంచి పెట్టినాము
ఇద్దరుండు గదికి నెవరు వచ్చిరొ గాని
పెద్ద పండుగయ్యెఁ బెద్ద లేక

మా వైపు సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టి, వండినవి వడ్డించి దణ్ణం పెట్టుకుంటాం. మామయ్య పోయిన ఏడాది పోయారు. సెలవు లేక ఊరికి వెళ్లలేకపోయాం, మా ఒంటిగదిలోనే పెట్టుకున్నాం.

మంచుపూలు: మూడో పాదం ఎవరో వచ్చారంటోంది, నాలుగోది పెద్ద లేడంటోంది. పొసగడం లేదేమో?

నిర్వహణ: అక్కడే పూరణ నిలబడింది. మనిషి లేడు, వచ్చినట్టు మాత్రం ఉంది. 'గాని' అన్న చిన్నమాట ఆ రెంటినీ కలిపింది. ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఇదే మేలు. ఒక్కటి అడుగుతానమ్మా, ఆ పంచె తరవాత ఎవరు కట్టుకున్నారు?

బొబ్బిలి వీణ: మా ఆయనేనండీ. మామయ్య కట్టే ఎర్ర అంచుదే వెతికి కొన్నాం. ఈయనకి పంచె కట్టుకోవడం రాదు, మా చినమామయ్య వీడియోలో చూపిస్తుంటే నేను కుచ్చిళ్లు పట్టుకున్నాను. అలాగే భోజనానికి కూర్చున్నారు, సాయంత్రం దాకా విప్పలేదు.